సంకలితము నుండి సిగ్మా వరకు

పదవ తరగతి గణితములో శ్రేఢులను గూర్చిన పాఠము కలదు. విద్యార్థి అచ్చట 1, 2, 3, 4 మొదలైన సంఖ్యల మొత్తమునకు ఒక సూత్రమును నేర్చుకొనును. కొంతకాలమునకు, పై తరగతిలో, అతనికి ∑ అను వింత గుర్తు ఎదురగును. దానిని చూడగానే ఏదో క్రొత్త గణితము ఆరంభమైనదని పెక్కుమంది జడియుదురు. నిజమునకు ఆ గుర్తు చెప్పు మాట మిక్కిలి పాతది. "కూడుము" అని మాత్రమే అది చెప్పును. అయితే ఎంతవరకు కూడవలెను, కూడుటకు అంతమే లేనిచో ఏమి చేయవలెను అను ప్రశ్నలు గణితజ్ఞులను రెండువేల యేండ్లు శ్రమపెట్టినవి. ఆ శ్రమలో మన దేశమువారి పాలు చిన్నది కాదు.

మొదట మాటలను సరిచూచుకొనుట మంచిది. ఒక నియమము ననుసరించి వరుసగా నిలిచిన సంఖ్యలను అనుక్రమము అందురు. 4, 9, 14, 19 అనునది అనుక్రమము. అందులోని సంఖ్యలు పదములు. ఆ పదముల నడుమ కూడిక గుర్తులుంచి 4 + 9 + 14 + 19 అని వ్రాసినచో అది శ్రేణి యగును. వరుస వేరు, కూడిక వేరు. ఈ భేదమును తరగతిలో ఒకసారి గట్టిగా చెప్పినచో తరువాత వచ్చు చిక్కులు సగము తీరును. శ్రేఢి యను మాట మన గ్రంథములలో ఏనాటినుండియో యున్నది. భాస్కరాచార్యుడు 1150 లో రచించిన లీలావతిలో శ్రేఢీ వ్యవహారమను ప్రకరణము కలదు. అందులో ఒక దాత మొదటి దినమున నాలుగు ద్రమ్మములు దానము చేసి, దినమునకు అయిదేసి పెంచుచు ఒక పక్షము దినములు ఇచ్చెను. మొత్తమెంత? మొదటి దినపు దానమును ఆది యనియు, పెరుగుదలను చయమనియు, దినముల సంఖ్యను గచ్ఛమనియు, మొత్తమును సర్వధనమనియు పిలిచిరి. పదునైదవ దినమున ఇచ్చినది 74. మొదటిది, కడపటిది కలిపి సగము చేయగా 39. దానిని 15 చే గుణింపగా 585 ద్రమ్మములు.

తెలుగున గణితమును వ్రాసినవారిలో మొదట పేర్కొనదగినవాడు పావులూరి మల్లన. ఈయన పదునొకండవ శతాబ్దివాడు. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. చదరంగపు పటము మీద మొదటి గడిలో ఒకటి, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు అరువది నాలుగు గడులకును రెట్టించుచు పోయినచో మొత్తమెంత యను లెక్కకు ఆయన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి కలదు. అందులో అంకెలు లేవు. అంకెలకు బదులు వస్తువుల పేర్లున్నవి. బాణములనగా 5, చంద్రుడనగా 1, పర్వతములనగా 7, ఆకాశమనగా 0. పద్యము ఒకట్ల స్థానముతో మొదలగును. కాబట్టి కుడినుండి ఎడమకు వ్రాసికొనుచు పోయినచో 1,84,46,74,40,73,70,95,51,615 వచ్చును. ఇరువది అంకెల సంఖ్య, ఒక్క అంకెయు తప్పులేదు. దీనిని సాధించుటకు అరువది నాలుగు సంఖ్యలను కూడనక్కరలేదు. మొత్తమును రెట్టింపు చేసి, ఆ రెట్టింపులోనుండి మొత్తమును తీసివేసినచో నడుమనున్న పదములన్నియు కొట్టివేయబడును; అరువదియైదవ పదముకంటె ఒకటి తక్కువైన సంఖ్య మిగులును.

లీలావతిలోని దాత లెక్కకు ఆధారమైన సూత్రము భాస్కరునికంటె చాల పాతది. ఆర్యభటుడు 499 లో రచించిన ఆర్యభటీయములో గణితపాదము ముప్పది మూడు శ్లోకములు మాత్రమే. వానిలో 19 మొదలు 22 వరకు నాలుగు శ్లోకములు శ్రేఢులకే చెందినవి. ఆదిని, అంత్యమును కూడి, పదసంఖ్యలో సగముతో గుణింపుమని అందులోనే కలదు. జర్మనీ దేశపు గణితజ్ఞుడు గౌస్ బాలుడై యుండగా ఒకటి నుండి నూరు వరకు క్షణములో కూడెనని మన బడులలో తరచు చెప్పుదురు. కథ వినసొంపైనదే. కాని గౌస్ మరణించిన మరుసటి యేడు, 1856 లో, ఆయన మిత్రుడు ప్రకటించిన జీవితచరిత్రలో బడిలో ఒక శ్రేఢిని కూడిన సంగతి యున్నదే గాని, ఒకటి నుండి నూరు వరకు అను మాట లేదు. అది తరువాతివారి చేర్పు. ఆ కథను చెప్పు ఉపాధ్యాయులు, అదే ఉపాయము అంతకు దాదాపు పదమూడు వందల యేండ్ల ముందే మన దేశమున శ్లోకమై యుండెనని కూడ చెప్పుట బాగుండును.

ఆర్యభటుడు అంతటితో ఆగలేదు. పండ్ల దుకాణములో బత్తాయిలను గోపురమువలె పేర్చుట చూచియుందుము. పైన ఒకటి, దాని క్రింద మూడు, ఆ క్రింద ఆరు, ఆ క్రింద పది. ఇట్టి పేర్పునకు ఆయన చితిఘనమని పేరు పెట్టెను. చితి యనగా పేర్చినది. ఒక్కొక్క అంతరువు 1, 1+2, 1+2+3, 1+2+3+4 అను మొత్తము. కుప్ప అంతయు ఆ మొత్తములకు మొత్తము. పదసంఖ్యను న అని అనుకొందము. అప్పుడు అడుగు అంతరువులోనివి న(న+1)/2, కుప్ప అంతయు న(న+1)(న+2)/6. నాలుగు అంతరువులకు 4 × 5 × 6 ను 6 చే భాగింపగా ఇరువది పండ్లు. లెక్కించి చూచుకొనవచ్చును. తరువాతి శ్లోకములో వర్గముల మొత్తమునకు న(న+1)(2న+1)/6 అనియు, ఘనముల మొత్తము సహజసంఖ్యల మొత్తమునకు వర్గమనియు కలదు. 1 + 8 + 27 + 64 + 125 కూడగా 225. అది 15 నకు వర్గము. 15 అనగా 1 నుండి 5 వరకు గల మొత్తము. ఈ చివరి సంగతి మొదట చూచినవారికి కలిగిన ఆశ్చర్యము నేటికిని తగ్గలేదని నా అభిప్రాయము.

ఈ సూత్రములు ఎట్లు పుట్టినవో ఆర్యభటుడు చెప్పలేదు. ఆయన శ్లోకములలో ఉపపత్తికి చోటు లేదు. వెయ్యేండ్ల తరువాత కేరళ దేశమున నీలకంఠ సోమయాజి ఆర్యభటీయమునకు భాష్యము వ్రాయుచు దానిని కంటికి కనపడునట్లు చూపెను. 1, 2, 3, 4 గడులను మెట్లవలె పేర్చి, అట్టిదే మరియొకటి తలక్రిందులుగా దానికి జతచేసినచో దీర్ఘచతురస్రమేర్పడును. దాని వైశాల్యము న(న+1). అందులో సగము మన మొత్తము. వర్గములకైనచో ఆరు కుప్పలు కావలెను. వానిని చక్కగా కూర్చినచో న, న+1, 2న+1 కొలతలుగల పెట్టె యగును. సబ్బుబిళ్లలతోనో చెక్కముక్కలతోనో దీనిని తరగతిలో చేసి చూపినచో ఆరుచేత ఎందుకు భాగింపవలెనో పిల్లలు మరువరు.

ఈ గ్రంథకర్తలు సంకలితమను మాటను వాడిన తీరు గమనింపదగినది. వరుస సంఖ్యల మొత్తము సంకలితము. ఆ మొత్తములకు మొత్తము సంకలిత సంకలితము. వర్గములను కూడినచో వర్గసంకలితము, ఘనములను కూడినచో ఘనసంకలితము. నారాయణ పండితుడు 1356 లో రచించిన గణితకౌముదిలో మొత్తముల మొత్తమును ఎన్ని మారులైనను తీయుటకు ఒకే సూత్రమును చెప్పెను; దానికి వారసంకలితమని పేరు. అనగా ఇచ్చట ఒక మాట, గుర్తు చేయవలసిన పనిని చేయుచున్నది. దాని ముందు ఏ జాతి సంఖ్యలనుంచినను వానిని కూడుమను ఆజ్ఞ అదియే. వచ్చిన ఫలముమీద మరల అదే ఆజ్ఞను ప్రయోగింపవచ్చును.

ఐరోపాలో ఈ పనికి గుర్తును ఏర్పరచినవాడు ఆయిలర్. 1755 లో వెలువడిన తన చలనకలన గ్రంథములో ఆయన, రెండు పదముల భేదమునకు డెల్టా యను గ్రీకు అక్షరము గుర్తుగా ఉన్నట్లే మొత్తమునకు సిగ్మా యను అక్షరమును గుర్తుగా వాడెను. మొత్తమునకు లాటినులో సుమ్మా అని పేరు. సిగ్మా గ్రీకులో సకారము. నేడు మనము ఆ గుర్తు క్రింద క = 1 అనియు, పైన 5 అనియు, ప్రక్కన క² అనియు వ్రాయుదుము. కకు 1 మొదలు 5 వరకు విలువలిచ్చుచు వచ్చిన వర్గములను కూడుమని దానికి అర్థము, ఫలము 55. క్రింద, పైన హద్దులను వ్రాయు ఆచారము ఆయిలరు తరువాత వచ్చినది.

గుర్తు వలన వ్రాతపని తగ్గినది, చూపు విశాలమైనది. దానితోపాటు ఒక ప్రమాదమును వచ్చినది. ∑ పైనున్న 5 ను తుడిచి అనంతపు గుర్తు ∞ ను ఉంచుటకు చేతికి ఏమి శ్రమ? అయిదు సంఖ్యలను కూడుట ఒక పని, ముగించి లేవవచ్చును. అంతులేని సంఖ్యలను కూడుట ఎవరును ముగింపలేని పని. ముగియని కూడికకు మొత్తమనగా ఏమి? దీనికి ఉత్తరము చెప్పినవారిని చూచినచో, వారందరు మొత్తముకంటె మిగులుమీదనే దృష్టి నిలిపిరని తెలియును.

క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో సిరాక్యూసు నగరపు ఆర్కిమిడీసు, పరావలయములో ఒక సరళరేఖ కోసిన ఖండపు వైశాల్యమును కనుగొనబూనెను. అందులో ఒక త్రిభుజమును ఇమిడ్చి, మిగిలిన చోట చిన్న త్రిభుజములను, వాని ప్రక్కన మరింత చిన్నవానిని ఇముడ్చుచు పోగా, మొదటి త్రిభుజము 1 అయినచో 1 + 1/4 + 1/16 + 1/64 అను వరుస వచ్చినది. అనంతము వరకు కూడితినని ఆయన చెప్పలేదు. ఎచ్చట ఆపినను, ఆపిన పదములో మూడవ వంతును చేర్చినచో సరిగా 4/3 అగునని చూపెను. మూడు పదములవద్ద ఆపుదము: 1 + 1/4 + 1/16 అనగా 21/16, 1/16 లో మూడవ వంతు 1/48, రెండును కూడగా 64/48, అనగా 4/3. మిగులెంతో తెలిసినది. దానిని ఎంత చిన్నది కావలెనన్న అంత చిన్నది చేయవచ్చును. కనుక ఖండపు వైశాల్యము 4/3 కంటె ఎక్కువయు కాజాలదు, తక్కువయు కాజాలదు.

నీలకంఠుని భాష్యములో ఇదే వరుస మరల కనిపించును. వృత్తములో చాపమునకు, జ్యాకు గల సంబంధమును చెప్పుచు ఆయనకు 1/4 + 1/16 + 1/64 మొదలైనవాని మొత్తము కావలసివచ్చెను. అది 1/3 అని చెప్పి ఊరకుండలేదు. ఈ మొత్తము అంతవరకే పెరుగుననియు, అంతవరకు తప్పక పెరుగుననియు ఎట్లు తెలియునని తానే ప్రశ్నించుకొనెను. మూడవ వంతులోనుండి నాలుగవ వంతు పోగా పన్నెండవ వంతు మిగులును. దానినుండి పదునారవ వంతు పోగా నలువది యెనిమిదవ వంతు. ఎప్పుడును మిగులు కడపటి పదములో మూడవ వంతే. ఆర్కిమిడీసునకు, ఈయనకు నడుమ పదునేడు వందల యేండ్లకు పైగా కలవు. ఆ గ్రంథము ఈయనకు చేరెననుటకు నిదర్శనము లేదు. శంక ఒకటే, సమాధానమును ఒకటే.

నీలకంఠుని గురుపరంపరకు మూలపురుషుడు సంగమగ్రామ మాధవుడు. సుమారు 1340 నుండి 1425 వరకు జీవించినట్లు చెప్పుదురు. శ్రేణులను గూర్చిన ఆయన ఫలితములు శిష్యప్రశిష్యుల గ్రంథములనుండియే మనకు తెలిసినవి. వానిలో ప్రసిద్ధమైనది వృత్తపరిధికి చెందినది. పరిధిని వ్యాసముచే భాగింపగా వచ్చు నిష్పత్తిలో నాలుగవ వంతు 1 – 1/3 + 1/5 – 1/7 + 1/9 అను అంతులేని శ్రేణికి సమానమని ఆయన కనుగొనెను. దీని ఉపపత్తి సుమారు 1530 లో జ్యేష్ఠదేవుడు మలయాళ భాషలో వ్రాసిన యుక్తిభాషలో వివరముగా కలదు. అందులో వర్గసంకలితము, ఘనసంకలితము, ఆ పై ఘాతముల సంకలితములు అన్నియు పనికి దిగును. పదసంఖ్య చాల పెద్దదైనప్పుడు వర్గసంకలితము పదసంఖ్యా ఘనములో మూడవ వంతునకును, ఘనసంకలితము చతుర్ఘాతములో నాలుగవ వంతునకును మిక్కిలి చేరువగునని ఆయన చూపెను. చితిఘనముతో ఆర్యభటుడు మొదలుపెట్టిన లెక్క ఇచ్చట వృత్తమును కొలుచుటకు సాధనమైనది.

ఈ శ్రేణి చూచుటకు ఎంత అందమైనదో లెక్కించుటకు అంత మందకొడిది. అయిదు పదములు కూడి నాలుగుచే గుణించినచో 3.33968 వచ్చును. నిజమైన విలువ 3.14159. లోపము పదసంఖ్యకు విలోమముగా తగ్గును. కాబట్టి పది లక్షల పదములు కూడినను లోపము పది లక్షలలో ఒక వంతు చొప్పున నిలిచియే యుండును. ఏ జ్యోతిష్కుడు అంతవరకు కూర్చుండి కూడగలడు? మాధవుని సంప్రదాయమువారు మిగులునే పట్టుకొనిరి. ఆపిన చోట ఒక సవరణ చేసినచో ఫలము సూక్ష్మమగునని కనిపెట్టిరి. దానికి అంత్యసంస్కారమని పేరు.

యుక్తిభాషలో దాని వెనుకనున్న తర్కము పదవ తరగతి విద్యార్థికి అందనిది కాదు. ఒక పదమువద్ద ఆపి సవరించినను, తరువాతి పదమువద్ద ఆపి సవరించినను ఫలము ఒకటే కావలెను. కాబట్టి ఆ రెండు సవరణలను కూడినచో క్రొత్తగా చేర్చిన పదమునకు సమానము కావలెను. సవరణను 1/(4న) అని తీసికొన్నచో ఈ షరతు రమారమి నెరవేరును. అయిదు పదములవద్ద 1/20, ఆరింటివద్ద 1/24. రెండును కూడగా 0.09167. ఆరవ పదము 1/11, అనగా 0.09091. కొంచెము ఎక్కువైనది. ఆ కొంచెమును స్థౌల్యమని పిలిచి, దానిని పరీక్షించి, సవరణను న/(4న²+1) గా మార్చిరి. స్థౌల్యము మరింత తగ్గినది. ఆపైన (న²+1)/(4న³+5న) అను మూడవ సవరణ యును కలదు.

ఫలములను చూడుడు. అవే అయిదు పదములు. మొదటి సవరణతో 3.13968, రెండవదానితో 3.14166, మూడవదానితో 3.14159. ఒక్క పదమైనను అదనముగా కూడలేదు. పరిధికి మాధవుడు చెప్పినదిగా నీలకంఠుడు ఉదాహరించిన విలువ కూడ మల్లన పద్యమువలెనే వస్తువుల పేర్లతో కూర్చినది: వ్యాసము 9,00,00,00,00,000 అయినచో పరిధి 28,27,43,33,88,233. భాగించి చూచినచో పది దశాంశ స్థానముల వరకు సరియైనది.

మాధవుడు బాలుడై యుండిన కాలముననే, సుమారు 1350 లో, ఫ్రాన్సు దేశమున ఒరేమ్ అను పండితుడు 1 + 1/2 + 1/3 + 1/4 అను శ్రేణికి మొత్తమే లేదని చూపెను. 1/3, 1/4 కలిపినచో సగముకంటె ఎక్కువ. తరువాతి నాలుగు పదములు కలిపినను సగముకంటె ఎక్కువ. ఆ తరువాతి ఎనిమిదియు అంతే. సగములు ఎన్ని యైనను దొరకును గనుక ఏ హద్దునైనను దాటును. కాని ఎంత నెమ్మదిగా! మొత్తము పది దాటుటకు 12,367 పదములు కావలెను. చేతితో కూడి చూచువాడు ఇది ఎచ్చటనో ఆగునని తప్పక మోసపోవును. పదములు చిన్నవగుచున్నవి గనుక మొత్తము ఉండునని తలచుట విద్యార్థులు చేయు పొరపాటులలో మొదటిది. దానికి ఈ శ్రేణియే మందు.

ఇంత హెచ్చరిక యుండియు ఐరోపాలో పదునేడు, పదునెనిమిదవ శతాబ్దుల గణితజ్ఞులు అనంతశ్రేణులను నిర్భయముగా వాడిరి. గ్రెగరీ 1671 లోను, లైబ్నిజ్ 1674 ప్రాంతమునను మాధవుని శ్రేణికి స్వతంత్రముగా చేరిరి. కేరళ గ్రంథములు వారికి చేరినట్లు ఆధారమేదియు ఇంతవరకు దొరకలేదు. ఇటలీలో గ్రాండీ 1703 లో 1 – 1 + 1 – 1 అను శ్రేణి మొత్తము సగమని ప్రకటించెను. రెండేసి చొప్పున జతచేసినచో సున్న. మొదటి దానిని విడిచి జతచేసినచో ఒకటి. లైబ్నిజ్ వంటివాడును సగమునకే ఒప్పుకొనెను. ఈ గందరగోళమును తీర్చినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు కోషీ. 1821 లో ఆయన తన పాఠ్యగ్రంథములో, మొదటి కొన్ని పదముల మొత్తములు ఒక నిశ్చితమైన సంఖ్యకు కావలసినంత చేరువగుచు పోయినప్పుడే ఆ సంఖ్యను శ్రేణి మొత్తమనవలెనని నిర్ణయించెను. అట్టిది అభిసరణ శ్రేణి. తక్కినది అపసరణ శ్రేణి. గ్రాండీ శ్రేణిలో ఆ మొత్తములు 1, 0, 1, 0 అని ఊగుచుండును. దేనికిని చేరువ కావు. అపసరణ శ్రేణులకు వేరు అర్థములు చెప్పు గణితము తరువాత పెరిగినది గాని, ఆ అర్థములు వేరని ముందు చెప్పి మరీ పెరిగినది.

కేరళ గ్రంథముల సంగతి బయటి లోకమునకు చెప్పినవారిలో ప్రముఖుడు చార్లెస్ విష్ అను ఆంగ్లేయుడు. తూర్పు ఇండియా కంపెనీ కొలువులో మలబారున పనిచేయుచు మలయాళము నేర్చి, తాళపత్రములను చదివెను. తంత్రసంగ్రహము, యుక్తిభాష, కరణపద్ధతి, సద్రత్నమాల అను నాలుగు గ్రంథములలో వృత్తపరిధికి అనంతశ్రేణులున్నవని ఒక వ్యాసము వ్రాసెను. 1832 లో అది లండనులోని రాయల్ ఆసియాటిక్ సొసైటీలో చదువబడినది. 1834 లో అచ్చైనది. దానిని అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు లేకపోయెను. 1833 లో మన కడపలో మరణించెను. అప్పటికి నలువది యేండ్లు నిండలేదు.

తరువాత నూరేండ్లకు పైగా ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు అరుదు. 1944 లో సి. టి. రాజగోపాల్, కె. ముకుంద మారార్ యుక్తిభాషలోని ఉపపత్తులను ఆధునిక గణితభాషలో వివరించిరి. 1948 లో యుక్తిభాష గణితభాగము మలయాళ వ్యాఖ్యతో త్రిచూరున అచ్చైనది. గ్రంథమంతయు ఇంగ్లీషు అనువాదముతో, వ్యాఖ్యతో వెలువడుట 2008 లో జరిగినది. అందులో సంకలితములకు, అంత్యసంస్కారమునకు వేరు వేరు ఘట్టములు కలవు.